తాతగారి పెట్టెలో యూదుల నాణెం.. అసలా? నకలా?

ఇంటి పెద్ద కాలం చేసిన కొన్నాళ్లకు ట్రంకుపెట్టె తెరుస్తారు. భూమి దస్తావేజులు, శిస్తు రసీదులు, పాత కళ్లజోడు, అట్ట ఊడిన బైబిలు.. వాటి అడుగున గుడ్డలో చుట్టిన తెల్లని బిళ్ల ఒకటి బయటపడుతుంది. ఒకవైపు పానపాత్ర, మరోవైపు కొమ్మ, చుట్టూ ఎవరికీ చదవరాని అక్షరాలు. ‘యెరూషలేము నుంచి వచ్చింది, క్రీస్తు కాలం నాటిది’ అని పెద్దాయన ఎప్పుడో చెప్పిన మాట ఇంట్లో ఒకరికి గుర్తుంటుంది. అంతే.. ఆ పూటకే బిళ్ల విలువ లక్షల్లోకి, తెల్లవారేసరికి కోట్లలోకి చేరుతుంది. అన్నదమ్ముల పంపకాల లెక్కలోకీ ఎక్కుతుంది.

ఇలా బయటపడే ‘షెకెల్’ బిళ్లల్లో అత్యధికం నకళ్లే. అయితే నకలు అన్న మాట వినగానే పారేయనవసరం లేదు. నాలుగు వందల ఏళ్ల కిందట జర్మనీలో తయారైన నకలూ ఉంది, నిరుడు యెరూషలేము వీధి దుకాణంలో కొన్న నకలూ ఉంది. చూపునకు రెండూ ఒకే తీరుగా కనిపించినా ధరలో పోలికే లేదు. కనుక ‘అసలా, నకలా’ అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోకుండా ‘ఏ కాలపు నకలు’ అన్నది తేల్చుకోవడం అవసరం. ఇందులో సగం పనికి పట్నం వెళ్లనక్కరలేదు. ఇంట్లో భూతద్దం, ఊళ్లో బంగారు దుకాణం కాటా ఉంటే చాలు.

తెలుగు ఇళ్లకు ఈ బిళ్లలు చేరిన దారులు పలు రకాలు. పందొమ్మిదో శతాబ్దం నుంచి కోస్తా జిల్లాల్లో పనిచేసిన అమెరికా, ఐరోపా మిషనరీలు కానుకగా ఇచ్చినవి కొన్ని కావచ్చు. పరిశుద్ధ భూమి యాత్రకు వెళ్లినవారు తెచ్చుకున్నవి మరికొన్ని. యెరూషలేము యాత్రికులకు రాష్ట్ర ప్రభుత్వం సాయం అందించడం మొదలయ్యాక వెళ్లేవారి సంఖ్య పెరిగింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో ఈ సాయాన్ని తక్కువ ఆదాయం గలవారికి 40 వేల రూపాయల నుంచి 60 వేలకు పెంచింది. ఇక ఇశ్రాయేలులో వృద్ధుల సంరక్షణ పనుల్లో ఉన్న తెలుగువారు సెలవులకు వస్తూ తెచ్చినవి వేరే. ఏ దారిన వచ్చిందన్నదే గుర్తింపులో తొలి ఆధారం.

అసలు నాణెం తీరు

నకలును పట్టుకోవాలంటే ముందు అసలు ఎలా ఉంటుందో తెలియాలి. క్రీ.శ. 66లో యూదయ ప్రజలు రోమా ప్రభుత్వంపై తిరుగుబాటు చేశారు. అప్పటివరకు యెరూషలేము దేవాలయపు పన్నును తూరు పట్టణపు వెండి నాణేలతో చెల్లించేవారు. ఆ నాణేలపై మెల్కార్ట్ అనే అన్యదేవత తల, వెనుకవైపు గద్ద ఉండేవి. వెండి మేలైనది కావడంతో దేవాలయం వారు ఆ బొమ్మలను సహించారు. తిరుగుబాటు మొదలైన వెంటనే యూదులు సొంత వెండి నాణెం కొట్టించారు. దానిపై రాజు ముఖం గానీ, దేవత రూపం గానీ లేదు. పరాయి పాలనలో ఉన్న జాతి సొంతంగా వెండి నాణెం ముద్రించడమే రోమును ధిక్కరించడం.

ఒకవైపు అంచున ముత్యాల వరుసతో పానపాత్ర, చుట్టూ ‘ఇశ్రాయేలు షెకెల్’ అన్న అక్షరాలు. పాత్రపై ఏటిని తెలిపే అక్షరం. రెండోవైపు ఒకే కాడకు మూడు దానిమ్మ మొగ్గలు, చుట్టూ ‘పరిశుద్ధ యెరూషలేము’ అన్న అక్షరాలు. బరువు సుమారు 14 గ్రాములు, అడ్డుకొలత 22 నుంచి 24 మిల్లీమీటర్లు. అంటే 2011 నుంచి వస్తున్న మన రూపాయి బిళ్లంత వెడల్పు, బరువు మాత్రం దానికి మూడున్నర రెట్లకు పైమాటే. అరచేతిలో పెట్టుకుంటే ఆ దళసరి తెలుస్తుంది.

తెలుగు బైబిలు పాత నిబంధనలో ‘షెకెల్’ను ‘తులము’ అని అనువదించారు. దీంతో తులం బరువు తూగితేనే అసలుదని కొందరు పొరబడుతుంటారు. పాత తులం 11.66 గ్రాములు, ఇప్పుడు బంగారు దుకాణాల్లో లెక్కించేది 10 గ్రాములు. తిరుగుబాటు నాటి షెకెల్ ఈ రెండింటి కంటే బరువైనది. సరిగ్గా తులం తూగిన బిళ్లను ముందుగా అనుమానించాలి.

ఈ నాణేల ముద్రణ అయిదేళ్లే సాగింది. క్రీ.శ. 70లో టైటస్ నాయకత్వంలోని రోమా సైన్యం యెరూషలేమును, దేవాలయాన్ని నాశనం చేయడంతో ముద్రణ ముగిసింది. రెండు, మూడో ఏళ్ల నాణేలు కాస్త ఎక్కువగా లభిస్తాయి. అయిదో ఏటివి చాలా అరుదు. మృత సముద్రం ఒడ్డున మసాదా కోటలో 1963-65 మధ్య యిగాయెల్ యాదీన్ జరిపిన తవ్వకాల్లో ఈ షెకెళ్లు బయటపడ్డాయి.

అక్షరాలే తొలి సాక్షి

నాణెంపై అక్షరాలు చదవడం రాకపోయినా వాటి రూపం చూసి చాలా సంగతులు చెప్పవచ్చు. తిరుగుబాటుదారులు తమ కాలంలో వాడుకలో ఉన్న చతురస్రపు హెబ్రీ లిపిని నాణెంపై వాడలేదు. దావీదు వంశపు రాజుల కాలం నాటి ప్రాచీన లిపిని పనిగట్టుకొని తీసుకువచ్చారు. మన దగ్గర ఎవరైనా నేడు శాతవాహనుల కాలపు బ్రాహ్మీ అక్షరాలతో నాణెం వేయిస్తే ఎలా ఉంటుందో అటువంటిదే ఇది. ప్రాచీన లిపిలో ‘ష’ అక్షరం ఆంగ్ల అక్షరం డబ్ల్యూను పోలి ఉంటుంది. అక్షరాలు పుల్లలు విరిచి పేర్చినట్లు కోణాలు కోణాలుగా కనిపిస్తాయి.

నేటి హెబ్రీ బైబిలులో, యూదుల ప్రార్థనా గ్రంథాల్లో కనిపించేది చతురస్రపు లిపి. అందులో ‘ష’ మూడు కొమ్ముల త్రిశూలంలా నిలబడి ఉంటుంది. అక్షరాలన్నీ గడుల్లో అమర్చినట్లు ఉంటాయి. చేతిలోని షెకెల్‌పై ఈ లిపి ఉంటే ఇక వాదన అవసరం లేదు. అది తిరుగుబాటు నాటి నాణెం కాదు.

అయితే నిరాశ పడనవసరం లేదు. చతురస్రపు లిపితో పాటు ఒకవైపు పాత్ర నుంచి పొగ లేస్తున్నట్లు, మరోవైపు మూడు దానిమ్మలకు బదులు గుబురైన ఆకుల కొమ్మ ఉన్నట్లయితే అది ‘గోర్లిట్జ్ షెకెల్’ కోవకు చెందినది. నకళ్లలో చరిత్ర గలది ఇదే.

జర్మనీ ఊరి కథ

గోర్లిట్జ్ జర్మనీ తూర్పు సరిహద్దున, పోలండ్‌ను ఆనుకొని ఉన్న పట్టణం. గియోర్గ్ ఎమరిక్ అనే సంపన్న వర్తకుడు 1465లో అక్కడి నుంచి యెరూషలేము యాత్ర చేసి వచ్చాడు. తరువాతి కాలంలో ఆ పట్టణానికి మేయరు కూడా అయ్యాడు. క్రీస్తు సమాధి మందిరానికి నమూనాగా గోర్లిట్జ్‌లో కట్టిన చిన్న మందిరం నేటికీ నిలిచి ఉంది. యెరూషలేము వరకు వెళ్లలేనివారు ఆ మందిరానికే యాత్రగా వచ్చేవారు. పదహారో శతాబ్దం నుంచి అక్కడి యాత్రికుల చేతికి చేరిన జ్ఞాపిక బిళ్లలే ఇవని చెబుతారు. ఆ ఊరి పేరే వీటికి స్థిరపడింది. యూదా ఇస్కరియోతు పుచ్చుకున్న ముప్పది వెండి నాణేల రూపం ఇదేనని నమ్మి కొనుక్కున్నవారు ఎందరో.

ఆ బిళ్లల తయారీదారులకు అసలు నాణేన్ని చూసే అవకాశం లేకపోవడమే ఇందులో ఆసక్తికరమైన సంగతి. స్పెయిన్‌కు చెందిన యూదు పండితుడు నహ్మనీదెస్ 1267లో అక్కో రేవుకు చేరినప్పుడు ఒక పాత షెకెల్‌ను చూశాడు. ఒకవైపు బాదం కొమ్మ వంటిది, మరోవైపు పాత్ర వంటిది ఉన్నాయని రాశాడు. ప్రాచీన లిపి తెలిసిన సమరయులు ఆ అక్షరాలను ఆయనకు చదివి చెప్పారు. ‘కొమ్మ, పాత్ర’ అన్న ఆ వర్ణన పండితుల ద్వారా ఐరోపాకు పాకింది. కొమ్మ అనగానే వారికి చిగురించిన అహరోను కర్ర, పాత్ర అనగానే ధూపపాత్ర తోచాయి. దాంతో దానిమ్మలు పోయి ఆకులు, పానపాత్రపై పొగ వచ్చి చేరాయి. లిపి కూడా తమకు తెలిసిన చతురస్రపు లిపే చెక్కారు. చెవిన పడిన మాటతో బొమ్మ గీస్తే వచ్చిన తేడా ఇది.

ఈ బిళ్లలు వందల ఏళ్ల పాటు పలు అచ్చులతో, పలు లోహాలతో తయారయ్యాయి. వెండివి, రాగివి, తగరం-సీసం కలిపినవి కూడా ఉన్నాయి. బ్రూనో కిష్ అనే పండితుడు 1941లో వీటిని రకాలవారీగా వర్గీకరించి ప్రచురించాడు. నేటికీ వీటిని గుర్తించేవారు ఆ వర్గీకరణనే ఆధారంగా తీసుకుంటున్నారు.

పెట్టెలో చీటీ ఉందా?

బిళ్లతో పాటు వచ్చిన కాగితపు ముక్కను, డబ్బాను పారేసేవారు ఎక్కువ. నిజానికి కొన్నిసార్లు బిళ్ల కంటే ఆ చీటీయే ఎక్కువ చెబుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఈ షెకెళ్లను క్రీస్తుపూర్వం రెండో శతాబ్దపు సీమోను మక్కబీయుడు ముద్రించినవిగా భావించేవారు. ఫ్రెడరిక్ మాడెన్ 1864లో వెలువరించిన యూదు నాణేల చరిత్ర గ్రంథంలోనూ అలాగే ఉంది. ఇరవయ్యో శతాబ్దపు తవ్వకాలతో అది తప్పని తేలింది. కనుక చీటీపై ‘సీమోను మక్కబీయుడు’ అన్న పేరు ఉంటే, ఆ చీటీ పాత అభిప్రాయం చలామణిలో ఉన్న రోజులదని ఊహించవచ్చు. తాత తరంలో మిషన్ బంగళా నుంచి వచ్చిందన్న ఇంటి మాటకు అది బలమిస్తుంది. చీటీపై ‘మొదటి యూదు తిరుగుబాటు’ అని ఉంటే అది ఇటీవలిది కావడానికే అవకాశం ఎక్కువ.

అంచుపై, వెనుకవైపు ఆంగ్లంలో ‘కాపీ’ అన్న చిన్న ముద్ర ఉందేమో భూతద్దంతో చూడాలి. అమెరికాలో 1973లో వచ్చిన చట్టం ప్రకారం నాణేల నకళ్లపై ఆ మాట ముద్రించడం తప్పనిసరి అయింది. అంటే ఆ ముద్ర ఉన్న బిళ్లకు మహా అయితే యాభై ఏళ్ల వయసు. ముద్ర లేనంత మాత్రాన పాతదని అనుకోరాదు. ఇతర దేశాల్లో తయారైన వాటికి ఆ నిబంధన లేదు, అమెరికాలోనూ ఎగ్గొట్టినవారు లేకపోలేదు.

కొందరి ఇళ్లలో బయటపడేది నకలు కూడా కాదు, ఇశ్రాయేలు ప్రభుత్వం ముద్రించిన సాధారణ చిల్లర. ఆ దేశం తన నాణేలపై ప్రాచీన నాణేల బొమ్మలనే వేస్తుంది. 1967 నుంచి వచ్చిన ఒక లీరా నాణెంపై మూడు దానిమ్మలు, 1981-85 మధ్య వచ్చిన ఒక షెకెల్ నాణెంపై పానపాత్ర ఉన్నాయి. ఇప్పటి ఒక షెకెల్ నాణెంపై లిల్లీ పువ్వు, దాని పక్కన ప్రాచీన లిపిలో అక్షరాలు కూడా ఉన్నాయి. లీరా, 1981 నాటి షెకెల్ ఇప్పుడు చెల్లవు. వెనక్కి తిప్పితే విలువ అంకెల్లో కనిపిస్తుంది. ప్రాచీన నాణెంపై ‘1’ అంకె ఉండదన్న చిన్న సంగతి తోచకనే చాలామంది బోల్తా పడతారు.

కాటా చెప్పే నిజం

తరువాతి మెట్టు తూకం. మిల్లీగ్రాముల వరకు తూచే కాటా ప్రతి బంగారు దుకాణంలోనూ ఉంటుంది. ముందు పొడి బిళ్లను తూచాలి. ఆ తరువాత గ్లాసులో నీళ్లు పోసి కాటాపై పెట్టి అంకెను సున్నాకు తేవాలి. బిళ్లను సన్నని దారంతో కట్టి, అడుగుకు, పక్కలకు తగలకుండా నీళ్లలో వేలాడదీయాలి. అప్పుడు కాటాపై కనిపించే అంకెతో పొడి బరువును భాగించాలి. వచ్చిన ఫలితమే ఆ లోహపు సాంద్రత.

శుద్ధ వెండికి ఇది 10.5. తిరుగుబాటు షెకెళ్ల వెండి మేలైనది కనుక దానికి దగ్గరగానే రావాలి. ఉదాహరణకు 14 గ్రాముల వెండి బిళ్లను నీళ్లలో వేలాడదీస్తే కాటాపై సుమారు 1.33 కనిపిస్తుంది. రాగికి 8.9, తగరానికి 7.3, జింకుకు 7.1, సీసానికి 11.3 వస్తుంది. అదే పరిమాణంలో తగరపు బిళ్ల పది గ్రాములు కూడా తూగదు. తెల్లగా మెరిసినా చేతికి తేలికగా తోచే నకళ్లు ఇటువంటి లోహాలవే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. సీసం, తగరం తగుపాళ్లలో కలిపితే సాంద్రత వెండికి దగ్గరగా రావచ్చు. అందువల్ల అంకె కుదిరినంత మాత్రాన వెండి అని తేల్చేయరాదు. అలాగని కంసాలి గీటురాయిపై గీయించడం, ఆమ్లం చుక్క వేయించడం మంచిది కాదు. ఒకవేళ అసలు నాణెమైతే ఆ గీతతోనే విలువ పడిపోతుంది. బంగారు నగలకు హాల్‌మార్కు వేసే కేంద్రాల్లో ఎక్స్‌రే కిరణాలతో లోహాన్ని పరీక్షించే యంత్రాలు ఉన్నాయి. గీత పడకుండా పైపొరలో ఏ లోహం ఎంత శాతం ఉందో అవి నిమిషాల్లో చెబుతాయి. పూత వేసిన బిళ్లల విషయంలో యంత్రం చెప్పిన శాతాన్నీ, తూకం చెప్పిన సాంద్రతనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

తూకం ముగిశాక అంచు చూడాలి. ప్రాచీన నాణెం సమ్మెట దెబ్బతో ముద్ర వేసినది. బొమ్మ కాస్త పక్కకు జరిగి ఉండటం, అంచు పగలడం సహజం. పోత పోసిన నకలులో రెండు అచ్చులు కలిసిన చోట అంచు చుట్టూ సన్నని గీత, దానిని ఆకురాయితో అరగదీసిన జాడ ఉంటాయి. బొమ్మపై సూదిమొన పట్టేంత గుంటలు కనిపిస్తాయి. పోత సమయంలో మిగిలిన గాలి బుడగల గుర్తులవి. అక్షరాల అంచులు కరిగిన సబ్బులా మొద్దుబారి ఉంటాయి. అసలు నాణెంతోనే అచ్చు తీసినా లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది కనుక నకలు కొద్దిగా చిన్నదవుతుంది.

క్రీ.శ. 132-135 నాటి బర్ కోఖ్బా తిరుగుబాటు నాణేలకు మరో గుర్తు ఉంది. అప్పటివారు రోమా నాణేలనే తీసుకొని వాటిపై తమ ముద్ర కొట్టారు. దేవాలయపు స్తంభాల బొమ్మ కింద రోమా చక్రవర్తి ముఖపు రేఖ లీలగా కనిపించడం అసలు నాణేల్లో మామూలే. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో 1932, 1952, 1967ల్లో ఈ తరహా నాణేలు మట్టిలో దొరికాయి. కొలంబస్ కంటే ముందే యూదులు అమెరికా చేరారనడానికి ఇవే సాక్ష్యమని కొందరు వాదించారు. ఇశ్రాయేలు నాణేల నిపుణుడు యాకోవ్ మెషోరర్ పరిశీలనలో అవి ఆధునిక నకళ్లని తేలింది. మట్టిలో దొరికింది కదా అని నమ్మడానికి వీలులేదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

ఈ మోసం మనకు కొత్త కాదు. ‘ఈస్టిండియా కంపెనీ 1818’ అని రాసి, వెనుక రామ పట్టాభిషేకమో, హనుమంతుడో ఉన్న రాగి ‘అర్ధణా’ బిళ్లలు సంతల్లోనూ చేతులు మారుతుంటాయి. కంపెనీ అటువంటి అర్ధణాను ఎన్నడూ ముద్రించలేదు. అవి దేవాలయాల వద్ద అమ్మే బిళ్లల కోవలోనివి. బియ్యం గింజలను ఆకర్షిస్తుందంటూ వాటిని లక్షలకు అమ్మజూపినవారి కథలు ప్రతి జిల్లాలోనూ వినిపిస్తాయి.

ధర ఎంత పలుకుతుంది?

జింకు, తగరపు జ్ఞాపిక బిళ్లకు చిల్లర ధరే. టీ ఖర్చుకు కాస్త ఎక్కువ రావచ్చు. ఇటీవలి వెండి నకలుకు లోహం ధర వస్తుంది. శుద్ధ వెండి 14 గ్రాములుంటే ఆ రోజు గ్రాము వెండి ధరను 14తో హెచ్చిస్తే సరి. పాత గోర్లిట్జ్ బిళ్ల వెండిదై, అచ్చు స్పష్టంగా ఉండి, కిష్ వర్గీకరణలో చోటు దొరికితే విదేశీ వేలాల్లో సేకర్తలు మంచి ధర ఇస్తారు. తగరం, సీసంతో తరువాతి కాలంలో పోత పోసిన వాటికి అంత గిరాకీ లేదు. రంధ్రం వేసి మెడలో వేసుకున్నవీ, కొక్కెం అతికించినవీ ఇంకా తగ్గుతాయి.

అసలు షెకెల్ సంగతి వేరు. సాధారణంగా దొరికే రెండు, మూడో ఏళ్లవి కూడా వేల డాలర్లు పలుకుతాయి. 2012 మార్చిలో న్యూయార్క్ వేలంలో తొలి ఏటి షెకెల్ ఒకటి 11 లక్షల డాలర్లు దాటింది. ఇటువంటి వార్తలే ఇళ్లలో ఆశలు పెంచుతున్నాయి. ఆ ధర ఆ ఒక్క అరుదైన రకానికే గానీ పానపాత్ర బొమ్మ ఉన్న ప్రతి బిళ్లకూ కాదు.

విచిత్రమేమంటే అసలు నాణేలన్నీ ఖరీదైనవి కావు. పేద విధవరాలు కానుక పెట్టెలో వేసిన రెండు కాసులుగా చెప్పే చిన్న రాగి నాణేలు క్రీ.పూ. 103-76 మధ్య ఏలిన అలెగ్జాండర్ యన్నాయి కాలం నుంచి విస్తారంగా ముద్రితమయ్యాయి. ఒకవైపు లంగరు, మరోవైపు నక్షత్రం. బరువు గ్రాము, గ్రామున్నర. ఇవి ఇప్పటికీ లెక్కకు మిక్కిలిగా దొరుకుతాయి కనుక అరిగిపోయిన అసలు కాసు కొన్ని పదుల డాలర్లకే వస్తుంది. మంచి గోర్లిట్జ్ నకలు దానికంటే ఎక్కువ పలకడంలో వింతేమీ లేదు.

బైబిలులో పేర్కొన్న ‘దేనారము’ విషయంలో తెలుగు నేలకు నేరుగా సంబంధం ఉంది. తిబెరి కైసరు ముద్రించిన వెండి దేనారాలు రోమా వర్తకంతో దక్కనుకు వచ్చాయి. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో రోమా వెండి నాణేల పెద్ద నిధి బయటపడింది. కనుక పొలంలో దొరికిన దేనారాన్ని నకలని తీసిపారేయరాదు. అయితే భూమిలో దొరికిన నిధిని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. ఇంట్లో పెద్దల నుంచి వచ్చిన బిళ్లకు ఆ చట్టంతో పని లేదు.

ఫోన్ వస్తే జాగ్రత్త

నకలు వల్ల కలిగే నష్టం కంటే దానిని అమ్మబోయి చేసుకునే నష్టం పెద్దది. పాత నాణేలు కొంటామంటూ సామాజిక మాధ్యమాల్లో ప్రకటనలు ఇచ్చేవారు ముందు ఫొటో పంపమంటారు. ఫొటో చూసి లక్షల ధర చెబుతారు. ఆ తరువాత నమోదు రుసుము, పన్ను, కమీషన్ అంటూ విడతలుగా డబ్బు వేయించుకుంటారు. రిజర్వు బ్యాంకు పేరు, ముద్ర కూడా వాడుకోవడంతో 2021 ఆగస్టులో ఆ బ్యాంకే ప్రకటన జారీ చేసింది. పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాలతో తమకు సంబంధం లేదని, ఎటువంటి రుసుము వసూలు చేయబోమని స్పష్టం చేసింది. కొనేవాడు అమ్మేవాడి నుంచి డబ్బు అడగడం ఏ సంతలోనూ లేని ఆనవాయితీ.

అసలుదని తేలితే చట్టపరమైన చిక్కులు మొదలవుతాయి. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. దానిని వ్యక్తులు విదేశాలకు పంపడం నేరం, వ్యాపారానికి లైసెన్సు కావాలి. ఇశ్రాయేలులో 1978 నాటి చట్టం ప్రకారం 1700 సంవత్సరానికి ముందు తయారైనవి పురావస్తువులే. అక్కడి పురావస్తు శాఖ అనుమతి లేకుండా దేశం దాటించరాదు. దావీదు గొల్యాతును ఎదిరించిన ఏలా లోయలో 2002లో దొంగచాటుగా తవ్వితీసిన నాలుగో ఏటి పావు షెకెల్ ఒకటి పలు చేతులు మారి అమెరికాలో వేలానికి వచ్చింది. అధికారులు 2017లో దానిని స్వాధీనం చేసుకున్నారు. 2022 సెప్టెంబరులో న్యూయార్క్‌లో ఇశ్రాయేలుకు తిరిగి అప్పగించారు. యాత్రలో వీధి దుకాణదారు ‘ఇది అసలు’ అని చెవిలో చెప్పి అమ్మిన నాణెం నకలైతే డబ్బు పోతుంది, అసలైతే విమానాశ్రయంలో తనిఖీ ఎదురవుతుంది.

గుర్తింపు పూర్తయ్యేవరకు బిళ్లను శుభ్రం చేయరాదు. చింతపండు పులుసుతో, విభూదితో, పళ్లపొడితో తోమి తళతళలాడించడం మన ఇళ్లలో మామూలు. నల్లని పొర వెండికి వయసుతో వచ్చిన రక్షణ. తోమితే పొరతో పాటు అక్షరాల అంచులూ పోతాయి, పాత గోర్లిట్జ్ బిళ్ల కూడా కొత్త బిళ్లలా మారిపోతుంది. పొడి కాగితంలో చుట్టి విడిగా ఉంచాలి. ఇంట్లో పెద్దవారు ఇంకా ఉంటే ఆ బిళ్ల ఎవరిచ్చారో, ఏ ఊళ్లో, ఏ సంవత్సరం ప్రాంతంలో వచ్చిందో అడిగి తేదీతో సహా కాగితంపై రాయించి సంతకం తీసుకోవాలి.

నిర్ధారణకు మ్యూజియాలను సంప్రదించవచ్చు. యెరూషలేములోని ఇశ్రాయేల్ మ్యూజియంలో నాణేలకు ప్రత్యేక విభాగం ఉంది. మ్యూజియాలు నాణెం ఏమిటో చెబుతాయి గానీ సాధారణంగా ధర చెప్పవు. ధర కోసం గతంలో జరిగిన వేలాల జాబితాల్లో అదే రకం ఎంతకు పోయిందో చూసుకోవాలి. పంపే ఫొటోలు పగటి వెలుతురులో తీయాలి. రెండు వైపులా, అంచు కూడా విడివిడిగా కనిపించాలి. పక్కన స్కేలు ఉంచి, పొడి బరువును గ్రాముల్లో, నీళ్లలో వేలాడదీసినప్పుడు వచ్చిన అంకెను దాని కింద రాయాలి.